కుందేలు తోలుకి ఉప్పు

సిడ్నీలో మా వీధిలో మునిసిపల్ కౌన్సిల్ వాళ్లు పాత సామాను పట్టుకుపోయే రోజు దగ్గరపడితే మా అమ్మాయి సానియాకి పూనకం వస్తుంది. ఇంట్లో నేను తప్ప మిగతావన్నీ ఫుట్‌పాత్ మీదికి చేరాల్సిందే అంటుంది. నన్నెందుకు మినహాయించిందో నాకు ఇప్పటికీ అనుమానమే. ఈసారి గరాజ్‌లో పాత సూట్‌కేసు వెనక నుంచి తుప్పుపట్టిన తీగ ఒకటి లాగింది. ఆడవాళ్లు జడకి పెట్టుకునే పిన్నుని ఎవరో మూరెడు పొడుగున చేసినట్టు, రెండు కాళ్లతో, పైన గుండ్రంగా ఉంటుంది అది. "నాన్నా, వాట్ ఈజ్ దిస్? ఓల్డ్ టీవీ యాంటెనా?" అంది. పడేయకు అన్నాను. "వై?" అంది. నేను తెలుగులో అడిగితే అది ఇంగ్లీషులో జవాబిస్తుంది. ఇరవై రెండేళ్లుగా మా ఇంట్లో సంభాషణ అట్లాగే సాగుతోంది, ఇద్దరికీ అలవాటైపోయింది. "ఉద్యోగాలకి వెళ్తే లోకల్ ఎక్స్‌పీరియెన్స్ ఉందా అని అడుగుతారు చూడు, అది నా లోకల్ ఎక్స్‌పీరియెన్స్" అన్నాను. అది నన్నూ తీగనీ మార్చి మార్చి చూసి, రెండింటినీ గరాజ్‌లోనే వదిలేసి వెళ్లిపోయింది.

చెప్పుకోకపోతే ఎవరూ చెప్పరు కాబట్టి నేనే చెబుతున్నాను: రెండు వేల సంవత్సరం పుట్టిన క్షణాన ప్రపంచం మునిగిపోకుండా కాపాడినవాళ్లలో నేనొకణ్ణి. కంప్యూటర్లన్నీ సంవత్సరాన్ని రెండంకెల్లోనే రాసుకున్నాయట, సున్నా సున్నా రాగానే వాటికి మతిపోతుందట, బ్యాంకులు మూతపడతాయట, విమానాలు రాలిపడతాయట. ఆ భయం పుణ్యమా అని వినుకొండ కుర్రాడు మస్తాన్‌వలి హైదరాబాదులో మూడు నెలలు కోబాల్ అనే కంప్యూటర్ భాష బట్టీపట్టి సిడ్నీలో దిగాడు. హారిస్ పార్క్‌లో ఒక ఇంట్లో ఐదుగురం ఉండేవాళ్లం. పగలంతా ఒక ఇన్సూరెన్సు కంపెనీ ప్రోగ్రాముల్లో రెండంకెల్ని నాలుగంకెలు చేసేవాళ్లం. కొత్త సంవత్సరం వచ్చింది. ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే మా ఘనకార్యం అని మేం అనుకున్నాం. ఏమీ కాలేదంటే అసలు వీళ్లనెందుకు పెట్టుకున్నాం అని కంపెనీవాళ్లు అనుకున్నారు. కేకు కోసి, చేతులు కలిపి, మెళ్లో కార్డు తీసేసుకుని పంపించారు.

తర్వాత నాలుగు నెలలు ఇంటర్వ్యూల చుట్టూ తిరిగి తల ప్రాణం తోకకొచ్చింది. ఒక రిక్రూటరమ్మ నా కాగితాలు తిప్పి తిప్పి చూసి, "మీకున్న అనుభవమంతా ఈ ఒక్క పనిలోనే. ఇది మళ్లీ అవసరం వచ్చేది పదివేల సంవత్సరంలో" అని నవ్వింది. అప్పటిదాకా ఆగగలనో లేదో నేనూ చెప్పలేదు. మాతో ఉండే తెనాలి ప్రసాద్ రోజూ పొద్దున పేపర్లో ఉద్యోగాల పేజీ గట్టిగా చదివేవాడు, బతుకుతెరువు కోసం కొంత, వినోదం కోసం కొంత. ఒకరోజు ఇట్లా చదివాడు: "దక్షిణ ఆస్ట్రేలియాకి ఉత్తరపు కొసన, జనం లేని చోట, కుందేళ్లని బోనులు పెట్టి పట్టి తోళ్లు తీసే పనికి మనిషి కావాలి. తోళ్ల పని తెలిసినవాళ్లకి ప్రాధాన్యం." అందరూ పడీ పడీ నవ్వారు. నేను అందరికన్నా గట్టిగా నవ్వాను. మా నాన్నది ఎక్స్‌పోర్ట్ బిజినెస్ అని వాళ్లకి చెప్పి ఉన్నాను మరి. మర్నాడు వాళ్లంతా బయటికెళ్లాక ఆ నంబరుకి ఫోన్ చేశాను.

మా నాయన సైదులుది వినుకొండలో తోళ్ల మండీ. మా ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఉర్దూ మసీదు దాకా, పెళ్లిపత్రికల దాకా. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే మేకతోళ్లు, గొర్రెతోళ్లు కొని, ఉప్పు పట్టించి, దొంతర్లు పేర్చి, లారీలో మద్రాసు పంపడం ఆయన పని. సాయంత్రం ఇంటికొచ్చాక పెరట్లో కుంకుడు రసంతో రెండుసార్లు, నిమ్మచెక్కతో ఒకసారి ఒళ్లు రుద్దుకుని, చెవి వెనక అత్తరు పెట్టుకుంటేగాని పిల్లల్ని ముట్టుకునేవాడు కాదు. ఇంత చేశాక కూడా ఆయన దగ్గర తోలు వాసన, దాని మీద కుంకుడు వాసన, దాని మీద అత్తరు వాసన వచ్చేవి. ఏదీ దేన్నీ ఓడించేది కాదు. మండీ గుమ్మానికి గోనె పరదా వేలాడేది. మధ్యాహ్నం అన్నం క్యారేజీ తీసుకెళితే నేను ఆ పరదా ఇవతలే ఆగి కేకెయ్యాలి. ఒకసారి ఏముందో చూద్దామని లోపలికి కాలు పెట్టాను, వీపు విమానం మోత మోగింది. కొడుతూ కూడా ఒకటే మాట: "ఈ వాసన నాతో ఆగిపోవాల. నీకంటకూడదు."

అంటనే అంటింది. బడిలో నేను కూర్చున్న బల్ల మీద పక్కవాడు కొంచెం జరిగి కూర్చునేవాడు. నా పేరు తోళ్ల మస్తాన్. ఆ పేరంటే నాకు చచ్చేంత సిగ్గు. నిజం చెప్పాలంటే మా నాయనన్నా కొంత సిగ్గే ఉండేది. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. వీసా వచ్చిన రోజు నుంచి ఆయన నన్ను "మీరు" అనడం మొదలుపెట్టాడు. అంతకుముందు ఇరవై ఆరేళ్లు ఒరేయ్ తప్ప ఇంకో పిలుపు ఎరగను. సిడ్నీకి ఫోన్ చేసి, బ్యాంకు మేనేజరుతో మాట్లాడినట్టు గొంతు సవరించుకుని, "ఎట్లా ఉన్నారు? భోంచేశారా? ఆఫీసులో ఏసీ ఉందా?" అనేవాడు. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత తర్వాత, ఎవరో పెద్దమనిషి మా నాయన ఫోను ఎత్తుకుపోయి మాట్లాడుతున్నట్టు ఉండేది. ఆయన కొడుకు తోలు ముట్టకుండా బతుకుతున్నాడన్న ఒక్క సంగతి మీద ఆయన ముసలితనమంతా ఆనుకుని ఉంది. అందుకని బస్సెక్కుతూ ఒకటే అనుకున్నాను: ఏమైనా కానీ, నాయనకి మాత్రం తెలియకూడదు.

బస్సు రెండు రోజులు పోయింది. చెట్లు పొట్టివయ్యాయి, తర్వాత తుప్పలయ్యాయి, తర్వాత అవీ పోయి ఎర్రమట్టి మిగిలింది. పెట్రోలు బంకూ, కొట్టూ, భోజనమూ ఒకే కప్పు కింద ఉన్న చోట డ్రైవరు నన్ను దించి పోయాడు. అక్కడ నన్ను పనికి పెట్టుకున్న మెర్వ్ అనే డెబ్భై ఏళ్లాయన, వెనక తొట్టి ఉన్న తన యూట్ బండిని ఆనుకుని నిలబడి ఉన్నాడు. నన్ను తలనుంచి కాలిదాకా చూసి, "మస్తాన్ అంటే నాకు నోరు తిరగదు. స్టాన్ అంటాను" అన్నాడు. ఆస్ట్రేలియాలో అడుగుపెట్టినప్పట్నుంచి అందరూ నన్ను అట్లాగే సగం చేసుకున్నారు కాబట్టి నేనూ ఆ పేరుకే పలికాను. దారిలో సంగతి చెప్పాడు. ఏదో జబ్బు వచ్చి కుందేళ్లు చాలావరకు చచ్చిపోయాయి. అవి లేకపోయేసరికి పట్టేవాళ్లూ పట్నాలకి పోయారు. టోపీలు చేసే ఫ్యాక్టరీకి మాత్రం బొచ్చు కావాలి. మిగిలిన కుందేళ్లు, మిగిలిన మెర్వ్, ఇప్పుడు నేను. పని అయిపోయిన రంగాల్లోకి సరిగ్గా పని అయిపోయాక దిగడంలో నాకు అప్పటికే మంచి అనుభవం ఉంది.

రేకుల షెడ్డు, దాని వెనక ఇంకో రేకుల షెడ్డు, నాలుగు కోళ్లు, నీళ్ల ట్యాంకు: ఇదే మా క్యాంపస్. మెర్వ్ మొదటి రోజు ఒక బోను చేతికిచ్చి, కుందేలు బొరియ ముందు మోకాళ్ల మీద కూర్చోబెట్టాడు. దవడల్లాంటి రెండు ఇనుప పట్టీలు, వాటికి రబ్బరు తొడుగు, మధ్యలో అడుగు పడితే విడిపోయే పలక. మట్టి గీరి గుంట చెయ్యాలి, బోను దింపాలి, పలక మీద పాత న్యూస్‌పేపరు ముక్క పరవాలి, దాని మీద జల్లెడ పట్టిన మట్టి చల్లాలి, అసలేమీ జరగనట్టు చేత్తో సవరించాలి. మొదటి వారం నేను పట్టిన జీవాలు: నా ఎడమచేతి బొటనవేలు, మెర్వ్ కోడి ఒకటి. "నువ్వు కంప్యూటర్లలో ఏం చేసేవాడివి?" అని అడిగాడు. ఏదైనా జరగకుండా చూసేవాణ్ణి అన్నాను. "ఇక్కడ కూడా అదే చేస్తున్నావు" అన్నాడు. కోడి కుంటుతూ బతికింది. నన్ను చూసినప్పుడల్లా పక్కకి తప్పుకునేది. ఆ నడక నాకు బడిలో నుంచే పరిచయం.

రెండో వారానికి చెయ్యి కుదిరింది. తెల్లవారుతూనే లైను వెంట నడిచేవాళ్లం, మంచు పట్టిన గడ్డి బూట్ల కింద కరకరలాడేది. మెర్వ్ కుందేలు మెడ ఒక్క తిప్పుతో విరిచేసేవాడు. అట్లా చచ్చింది నేను తినను, బతికున్నదాన్ని బిస్మిల్లా అని కోస్తేనే తింటాను అన్నాను. "దానికేమైనా తేడా తెలుస్తుందా?" అన్నాడు. దానికి తెలియదు, నాకు తెలుస్తుంది అన్నాను. సరే, రోజుకి ఒకటి నీది అన్నాడు, కాకపోతే గొంతు దగ్గర తోలు పాడవుతుందని సణుగుతూనే. నేను ఉల్లిపాయలు, ఎండుమిరపకాయలు, వేరే ఊళ్లో ఉద్యోగమని చెబితే ప్రసాద్ కట్టిచ్చిన ధనియాల పొడీ వేసి వండేవాణ్ణి. మెర్వ్ మొదటిరోజు మూడు గ్లాసుల నీళ్లు తాగి, కళ్లు తుడుచుకుని, ఇది చెడ్డగా లేదు అన్నాడు. ఆ దేశంలో అంతకు మించిన పొగడ్త లేదని నాకు అప్పటికే తెలుసు. మర్నాటి నుంచి వంటకి ఇంకొకటి కూడా నువ్వే కొయ్యి అనేవాడు.

తీసిన తోలు చొక్కా విప్పినట్టు తిరగేసి వస్తుంది, బొచ్చు లోపలికి, చర్మం బయటికి. దాన్ని ఆ తీగకి తొడిగి, బిగువుగా సాగదీసి, షెడ్డు నీడలో వేలాడదియ్యాలి. గాలికి ఆరి కాగితంలా అవుతుంది. అంతే పని. మా అమ్మాయి టీవీ యాంటెనా అనుకున్నది ఆ తీగే. ప్రతి శుక్రవారం మెర్వ్ సామాన్ల కోసం పెట్రోలు బంకు దాకా వెళ్లేవాడు. నేనూ వెంట వెళ్లి అక్కడి ఫోను డబ్బాలో కార్డు గీకి నాయనకి ఫోన్ చేసేవాణ్ణి. "ఆఫీసు ఎట్లా ఉందండీ? ఏసీ ఉందా?" ఉంది నాయనా, బాగా చల్లగా ఉంది అనేవాణ్ణి. అబద్ధం కాదు, చేతివేళ్లు కొంకర్లు పోయేవి. "పైవాళ్లు మంచివాళ్లేనా?" ఒక్కడే నాయనా, పెద్దాయన, కోళ్లంటే ప్రాణం. "మీరు బాగా పెద్ద పొజిషన్‌లో ఉన్నట్టున్నారు, నాకు అర్థంకాకపోయినా" అనేవాడు. అప్పుడు మాత్రం కార్డు అయిపోతోందని చెప్పి పెట్టేసేవాణ్ణి.

ఒక సోమవారం మెర్వ్ పంటి నొప్పితో దవడ పట్టుకుని పట్నం పోయాడు. శనివారం తోళ్లు కొనే లారీ వస్తుంది, షెడ్డులో నూట నలభై తోళ్లున్నాయి, జాగ్రత్త అన్నాడు. ఏడాదికోసారి కూడా చినుకు పడని ఆ ఊళ్లో మంగళవారం ముసురు పట్టింది. రెండు రోజులు వదల్లేదు. తోళ్లు ఆరడం మానేసి మెత్తగా, జిగురుగా వేలాడుతున్నాయి. ముక్కు దగ్గర పెట్టి చూశాను, తేడా వాసన. ఇంకెవరైనా అయితే పొయ్యి రాజేసి వెచ్చబెట్టేవాళ్లు, లేదా ఊరుకునేవాళ్లు. నేను సైదులు కొడుకుని. తడితోలు కనిపిస్తే మా వంశంలో చెయ్యి దానంతటదే ఉప్పు వైపు పోతుంది. మూల పశువులకి పెట్టే రాతి ఉప్పు బస్తా ఉంది. ఈ దేశంలో ఇన్నాళ్లకి నాకు తెలిసిన పని ఒకటి దొరికిందని ఎంత గర్వపడ్డానో. తీగల నుంచి ఒక్కొక్క తోలూ దింపి, దోసెడు దోసెడు ఉప్పు రుద్ది, మండీ పరదా సందులోంచి చిన్నప్పుడు చూసినట్టే దొంతర పేర్చాను. దూరం నుంచి నిలబడి చూసుకున్నాను కూడా. మెర్వ్ చూస్తే నోరెళ్లబెడతాడు అనుకున్నాను. ఆ మాట మాత్రం నిజమైంది.

గురువారం పొద్దున చూస్తే దొంతర చెమటలు పట్టి కారుతోంది. ఉప్పునీళ్లు లోపలికి దిగి బొచ్చంతా అట్ట కట్టింది. ఒక తోలు అంచు పట్టుకుని లాగితే చిటికెడు బొచ్చు వేళ్లకి వచ్చేసింది. అప్పుడు వెలిగింది నాకు: మా నాయన అమ్మేది తోలు, మెర్వ్ అమ్మేది బొచ్చు. నన్ను నమ్మి వదిలి వెళ్లిన ముసలాయన చలికాలం పంటలో సగం నా తెలివితేటలకి బలైపోతోంది. పట్టిన ఈ ఉప్పుని ఎట్లా దించాలో భూమ్మీద నాకు తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు. ఆయనకే తెలియకూడదు. పాత సైకిలేసుకుని ఆ బురదలో బంకు దాకా పోయేలోపు కనీసం పది అబద్ధాలు అల్లాను. ఆఫీసులో ఎవరో అడిగారని, తోళ్ల కంపెనీకి ప్రోగ్రాం రాస్తున్నానని. చివరిది బాగానే ఉందనుకున్నాను.

మండీలోనే ఫోనెత్తాడు. "ఇయ్యాల శుక్రవారం కాదే, ఒంట్లో బాగుందా?" అన్నాడు కంగారుగా. ఆ కంగారు వినేసరికి పది అబద్ధాలూ ఎటు పోయాయో.

"నాయనా, తోలుకి పట్టిన ఉప్పు దించాలంటే ఏం చెయ్యాలి?"

"ఎవరి తోళ్లండీ?" అన్నాడు.

"నేను తీసినవే. కుందేలు తోళ్లు."

"ఎన్ని?"

"నూట నలభై."

"పచ్చియా, ఆరినయ్యా?"

"సగం ఆరాయి. బొచ్చు కోసం కొంటారు నాయనా, టోపీలకి. ముసురు పట్టిందని ఉప్పేశాను."

ఇక ఆయన ఏడుస్తాడేమో అనుకున్నాను. అప్పుడు వచ్చింది ఆ గొంతు, బ్యాంకు మేనేజరుతో మాట్లాడేది కాదు, పరదా వెనక నుంచి హమాలీల్ని అదిలించేది.

"ఒరేయ్ గాడిదకొడకా. బొచ్చు తోలుకి ఉప్పెవడేస్తాడ్రా? నీ చొక్కా గుడ్డంత మందం ఉండదు అది, మేకతోలనుకున్నావా? బుర్ర ఉందా? ఎంతేశావ్?"

"ఒక బస్తా."

"బస్తా. మీ తాత కూడా వెయ్యలేదురా బస్తా. సరే ఇను. ముందు దొంతర ఇప్పెయ్. ఉప్పు దులుపు, రుద్దబాక. చన్నీళ్లలో మూడుసార్లు ముంచి తియ్యి. పిండబాక, అరచేత్తో ఒత్తు. తవుడుందా ఆడ?"

"కోళ్ల దాణాలో ఉంది."

"ఆ తవుడు బొచ్చుకి పట్టించి, తడి పీల్చినాక దులుపు. మళ్లీ తీగలకి ఎక్కియ్యి. గాలి తగలాల, సెగ తగలకూడదు. ఊడేయి ఎట్లాగూ ఊడతయ్, వాటికోసం ఏడవబాక, మిగతాయి చూసుకో." అన్నీ నాచేత తిరిగి చెప్పించుకున్నాడు. ఆ తర్వాత కొంచెం తగ్గిన గొంతుతో, "ఏసీ ఆఫీసు ఎప్పుడు పోయింది?" అన్నాడు. జనవరిలో నాయనా అన్నాను. "ఊఁ" అన్నాడు. "మీ అమ్మకి చెప్పబాక. ఫో, పొద్దు పోతంది, తోళ్లు చూసుకో ఫో."

ఫోను పెట్టేసి ఆ డబ్బాలోనే నిలబడి ఏడ్చాను. తోళ్లు పోయినందుకు కాదు. ఒరేయ్ అన్నందుకు.

నూట నలభైలో తొంభై పైన బతికాయి. శుక్రవారం సాయంత్రం మెర్వ్ వాచిన దవడతో వచ్చి షెడ్డు చూశాడు. తవుడు చల్లిన నేల, ఖాళీ ఉప్పు బస్తా, దాణా లేక నా వైపు చూస్తున్న కోళ్లు. అంతా చెప్పాను. "ముప్పై ఏళ్లలో ఎంతోమందికి పని నేర్పాను," అన్నాడు. "ఉప్పెయ్యొద్దని ఎవరికీ చెప్పాల్సిన అవసరం రాలేదు." పంటి నొప్పి వల్ల అంతకంటే ఎక్కువ తిట్టలేకపోయాడు. తవుడు సంగతి ఎవరు చెప్పారు అని అడిగాడు. మా నాన్న అన్నాను. "ఆయన్ని పంపించాల్సింది" అన్నాడు. చలికాలం అయ్యేదాకా అక్కడే ఉన్నాను. వచ్చేరోజు ఒక తీగా, నేను కోసిన కుందేలు తోలొకటీ చేతిలో పెట్టాడు. సిడ్నీ వచ్చి జావా నేర్చుకుని, మళ్లీ మనుషుల్లో పడ్డాను.

ఇప్పుడు నా ఉద్యోగం పెద్దదే అంటారు. వెస్ట్‌మీడ్‌లో సొంత ఇల్లు, దాంట్లో ఒక గది, ఆ గదిలో తలుపేసుకుని రోజంతా మీటింగుల్లో మాట్లాడతాను. ఏసీ ఉంది. సాయంత్రం బయటికొస్తే నా దగ్గర ఏ వాసనా రాదు. నేను పొద్దున్నుంచీ ఏం చేశానో మా అమ్మాయికి తెలియదు, అడగదు. అడిగినా చెప్పడం నాకూ రాదు. మా నాయన గుమ్మంలోకి వస్తుంటేనే ఆరోజు ఎన్ని తోళ్లు వచ్చాయో మా అమ్మ చెప్పేసేది. ఆ వాసనంటే పారిపోయి పారిపోయి ఇంత దూరం వచ్చినవాణ్ణి, ఇప్పుడు ఈ శుభ్రమైన గదిలో కూర్చుని దాన్నే వెతుక్కుంటున్నాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

కుందేళ్ల పని చేసిన మరుసటి ఏడు వినుకొండ ఇంటికి వెళ్లినప్పుడు ఆ తోలు పట్టుకెళ్లాను. ఇంట్లో ఇవ్వలేదు, క్యారేజీతో పాటు మండీకి తీసుకెళ్లి, అలవాటుగా పరదా ఇవతల నిలబడి కేకేశాను. నాయన బయటికొచ్చాడు. తోలు అందుకుని వెలుగుకి పెట్టాడు. బొచ్చులోకి ఒకసారి ఊది, పాయ విడిపోయిన చోట కళ్లు చికిలించి చూశాడు. నేను రాసిన ఏ ప్రోగ్రామునీ ఎవరూ అంత శ్రద్ధగా చూడలేదు.

"గొంతు కాడ కోత వంకరపోయింది" అన్నాడు.

"బిస్మిల్లా అని కోసింది నాయనా."

"బిస్మిల్లా అంటే చెయ్యి వణకాలని యాడుందిరా?"

తోలు మడిచి చంకలో పెట్టుకున్నాడు. వెనక్కి తిరిగి, ఒక చేత్తో గోనె పరదా పైకెత్తి, అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు.

"రా లోపలికి," అన్నాడు. "ఉప్పు ఎప్పుడెయ్యాలో చూపిస్తా."